నూనె కలపని పెట్రోలు

"అమ్మా, నేను మాత్ర వేసుకున్నానా?"

పొద్దుటి నుంచీ మామగారు ఈ మాట అడగడం ఇది మూడోసారి. కోడలు లంచ్ బాక్సు మూత బిగిస్తూ తలెత్తకుండానే జవాబిచ్చింది. "వేసుకున్నారు మామయ్యగారూ. నా ఎదురుగానే వేసుకున్నారు."

"అలాగా. నాకూ అలాగే గుర్తు. కానీ ఈమధ్య నా బుర్రను నేనే నమ్మలేకపోతున్నాను తల్లీ. ఏమీ అనుకోకు."

ఆయన జ్ఞాపకానికి ఏ లోటూ లేదు. పోయిందల్లా దానిమీద నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టింది ఎవరో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఆ ఇంట్లో పాత స్కూటరు పేరు పెద్దకోడలు. మామగారు వయసులో ఉన్నప్పుడు స్కూటర్ల ఫ్యాక్టరీలో ఇంజను డ్రాయింగులు గీసేవారు. తాను గీసిన ఇంజను ఉన్న బండినే ముచ్చటపడి కొనుక్కున్నారు. కొడుక్కి పెళ్లయ్యేనాటికే అది ఇంట్లో పాతకాపు. "ఇది పెద్దకోడలు, నువ్వు చిన్నకోడలివి. తోటికోడళ్లిద్దరూ కీచులాడుకోకండి" అని ఆయన మొదటిరోజే నవ్వించారు. "పెద్దదానికి పొగా ఎక్కువే, పొగరూ ఎక్కువే" అని అత్తగారు వంతపాడారు. ఎడమచేతి పిడి తిప్పి గేరు మార్చడం, కుడివైపున్న ఇంజను బరువుకు బండి అటు ఒరగకుండా పట్టుకోవడం, అన్నీ మామగారే దగ్గరుండి నేర్పారు.

నెల కిందట ఒక మధ్యాహ్నం ఆమె బండి టైరు పంక్చరైంది. మామగారు కునుకు తీస్తున్నారు. లేపడమెందుకని తాళంచెవి తీసుకుని పెద్దకోడలి మీదే బజారుకు వెళ్లింది. దారిలో పెట్రోలు అయిపోవచ్చింది. ఆయనకొక పని తప్పుతుందిలే అని బంకులో టాంకు నిండా పోయించింది, అచ్చం తన కొత్త బండికి పోయించినట్టే. ఆ ఇంజనుకు పెట్రోల్లో నూనె కలపాలన్న సంగతి తట్టనేలేదు. ఇంటికొచ్చాక ఆ మాట చెప్పడం కూడా మర్చిపోయింది.

మర్నాడు మామగారు అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కుతుండగా ఇంజను పట్టేసి, చక్రం బిగుసుకుపోయింది. ఇద్దరూ పడ్డారు. ఆయనకు చెక్కుకుపోయింది, అత్తగారి మణికట్టు విరిగింది. మెకానిక్ టాంకు మూత తీసి చూసి, నిండా పెట్రోలుంది కానీ నూనె చుక్క లేదన్నాడు.

మామగారు తెల్లబోయారు. "నూనె సంగతి సరే, అసలు నేను బంకుకు ఎప్పుడు వెళ్లాను?"

"అమ్మ ప్రాణం మీదికి తెచ్చారు కదా నాన్నా! ఇంత మతిమరుపు పెట్టుకుని బండెక్కడమేమిటి?" అని కొడుకు అరిచాడు.

ఆ కేక వినగానే పెదవి దాకా వచ్చిన మాటను కోడలు మింగేసింది. అందరూ చల్లబడ్డాక చెబుదామనుకుంది. చల్లబడ్డాక, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడుగుతారే అని భయపడింది. తేలుకుట్టిన దొంగలా ఇంట్లో తిరిగింది. పెద్దాయనకు ఇన్నేళ్లూ అన్నం పెట్టిన తన బుర్ర మీదే అనుమానం పుట్టింది. రిటైరయ్యాక టెక్నికల్ స్కూల్లో పిల్లలకు డ్రాయింగు చెబుతున్న ఆయన, బోర్డు మీద తప్పు గీస్తానేమోనని సెలవు పెట్టేశారు.

ఇవాళ స్కూలు ప్రిన్సిపాలుకు ఫోన్ చేసి శాశ్వతంగా మానేస్తున్నానని చెప్పబోతున్నారు. బండిని తూకానికి వేసేద్దామని పాత ఇనుము కొనేవాణ్ణి కూడా కొడుకు రమ్మన్నాడు.

కోడలు కాఫీ పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. ఇంజను భాగాలన్నీ పాత దినపత్రిక మీద వరసగా పరిచి ఉన్నాయి. మామగారు పిస్టన్ని గుడ్డతో తుడుస్తున్నారు. దాని ఒంటినిండా నిలువు గీతలు.

"చూశావా పెద్దకోడలి పాట్లు? దీన్ని గీసేటప్పుడు మా గొప్పంతా తగ్గించడంలోనే ఉండేది తల్లీ. వాల్వులు వద్దనుకున్నాం. సిలిండరు గోడకే కిటికీలు పెట్టాం, ఈ పిస్టనే పైకీ కిందికీ పోతూ వాటిని తీస్తుంది, మూస్తుంది. నూనెకు వేరే గది కూడా తీసేశాం. పెట్రోలుతో కలిసి రావాల్సిందే." ఆయన పిస్టన్ని కింద పెట్టారు. "అన్నీ తీసేసి, ఒక్క పని మాత్రం నడిపేవాడి జ్ఞాపకానికి వదిలేశాం. ఆ ఒక్కటీ నేనే మర్చిపోయాను. గీసిన నేనే మర్చిపోతే ఇంక ఎవరికి పాఠం చెబుతాను?"

ఆమె కాఫీ కప్పు గట్టు మీద పెట్టేసింది.

కొడుకు ఫోన్ పట్టుకుని వచ్చాడు. వెనకే కట్టుకట్టిన చేత్తో అత్తగారు. "నాన్నా, ప్రిన్సిపాల్‌గారు లైన్లో ఉన్నారు. రెండు ముక్కల్లో చెప్పేయండి."

మామగారు చేయి చాచారు. ఫోన్ అందుకోబోతుంటే కోడలు అడ్డంపడింది.

"వద్దు మామయ్యగారూ! మీరేం మర్చిపోలేదు. ఆ పెట్రోలు పోయించింది నేను. మీరు పడుకుని ఉంటే బండి తీసుకెళ్లాను. నూనె కలపలేదు. నాకు తట్టలేదు."

"నువ్వా?" అన్నాడు భర్త. "నెల్రోజులుగా నా చేత నాన్నని అన్ని మాటలు అనిపించావా?"

ఆమె ఆ మాటనైనా తట్టుకునేదే. అత్తగారు నెమ్మదిగా అన్న మాటకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"నా చెయ్యి మాట వదిలెయ్ అమ్మాయ్. ఆయన నిద్రలో లేచి గ్యాసు కట్టానా, తలుపేశానా అని ఇల్లంతా తడుముకుంటుంటే, చూస్తూ ఎలా ఊరుకున్నావే?"

కోడలికి భూమిలోకి కుంగిపోతే బావుండుననిపించింది.

"ఉండండి, ఉండండి" అన్నారు మామగారు. ఆయన గొంతు మారిపోయింది. "తల్లీ, సరిగ్గా చెప్పు. బంకుకు వెళ్లింది నువ్వేనా? నేను కాదా?"

"మీరు కాదు మామయ్యగారూ."

"వెళ్లలేదు కాబట్టే గుర్తులేదా?"

"అవును."

ఆయన నవ్వారు. నవ్వుతుంటేనే కళ్ల వెంట నీళ్లు కారాయి. "విన్నావటే? నేను వెళ్లనేలేదుట!" అని భార్య భుజం పట్టుకుని ఊపారు. తిట్టి ఉంటే కోడలు ఏడ్చి తేలికపడేది. తనవల్ల నెలపాటు కుళ్లిన మనిషి, పోయిన నమ్మకం తిరిగి దొరికిందని పసివాడిలా మురిసిపోతున్నాడు. తాను ఆయన దగ్గర ఎంత పెద్దది దోచుకుందో ఆమెకు అప్పుడు తెలిసింది. వంగి ఆయన కాళ్ల దగ్గర కూలబడిపోయింది.

"లే తల్లీ. దాచడం తప్పే, కాదనను. ఆ తప్పు నీకు కొన్నాళ్లు గుచ్చుకుంటుంది, గుచ్చుకోనీ" అని ఆయన ఫోన్ తీసుకున్నారు. "ప్రిన్సిపాల్‌గారూ, రేపు క్లాసుకు వస్తున్నాను."

కొడుకు పాత ఇనుము కొనేవాణ్ణి రావద్దని చెప్పడానికి వీధిలోకి వెళ్లాడు.

మర్నాడు పొద్దున కోడలు లంచ్ బాక్సు సర్దుతూ ఆ ప్రశ్న కోసం చెవులప్పగించి నిలబడింది. మామగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మం ముందునుంచే వెళ్లిపోయారు.

"మాత్ర వేసుకున్నానమ్మా. వెళ్లొస్తా."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. లోపలి గదిలోంచి అత్తగారి గొంతు, నిన్నటి నుంచి మొదటిసారి, వినిపించింది.

"ఏడ్చింది చాలు గానీ, దువ్వెన పట్టుకురా. నా చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు. జడ వెయ్యి."