కానింగ్ వేల్‌లో కళ్ళు మూసుకున్న గూఢచారి

“ఈ ఆర్వో బార్బీ ఉందా?”

“బొగ్గులు తడిసిపోయాయి.”

ఆర్వో అంటే మధ్యాహ్నం, బార్బీ అంటే బొగ్గుల మీద వంట. ఆస్ట్రేలియా యాసలో సంకేతం కుదిరింది. కానింగ్ వేల్‌లోని టైర్ల గోడౌన్ షట్టర్ లేచింది. సైకిల్ గోడకి ఆనించి హెలెనా లోపలికి దూరింది. బయటివాళ్ళకి ఆమె పెర్త్‌లో యూనివర్సిటీకి వెళ్ళే సెకండియర్ స్టూడెంట్. లోపలివాళ్ళకి ఏజెంట్ కూకబర్రా. కళ్ళు మూసుకుని, ఎక్కడో ఉన్న చోటుని మనసుతో చూసి బొమ్మ గీసే రిమోట్ వ్యూయర్. సైకిల్ మీద వచ్చే సైకిక్ కాబట్టి ప్రభుత్వానికి పెట్రోలు ఖర్చు కూడా మిగిలింది.

చీఫ్ ఏతాన్ బ్రీఫింగ్ ఎప్పుడూ బ్రీఫే.

“సబ్‌మెరైన్ల సోనార్ డ్రాయింగులు లీకవుతున్నాయి. కొంటున్నది విదేశీ ముఠా. ఈ రెండింటికి ఒక ఇంట్లో చేతులు మారతాయని టిప్. ఇల్లు ఎవరిదో చెప్పను, కవర్లో నంబరే ఉంటుంది. నువ్వు చూడు. లోపల జనం ఉంటే రెయిడ్.”

కవరు అందించింది వైశాలి. సెషన్ నడిపే మానిటర్. సిడ్నీలో, పెండిల్ హిల్‌లో పుట్టి పెరిగిన తెలుగింటి సుందరి. ఎర్ర లిప్‌స్టిక్, చేతిలో వెండి పౌడర్ డబ్బా. ఆమె అలా నడిచొస్తే గోడౌన్లో కొత్త టైర్లకి కూడా గాలి పోయేది.

హెలెనా కళ్ళు మూసుకుంది. దూరదర్శనం కదా, కాసేపు అంతరాయం, ఆ తర్వాతే ప్రసారం. మెల్లగా ఓ హాలు కనిపించింది. మడత విప్పని కుర్చీలు. గోడకి బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు. వంటింట్లో ఒక్క ఆవిడ, కొంగు నడుముకి దోపుకుని గారెలు వేస్తోంది.

హెలెనా ఆవిడని గుర్తుపట్టింది. అమృతం ఆంటీ. నెలనెలా తను ప్రార్థనకి వెళ్ళే ఇల్లు. ఆంటీ భర్త జోజయ్య అంకుల్ నేవీ వర్క్‌షాపులో సోనార్ ఇంజనీరు.

చూసింది చూసినట్టు గీసిచ్చింది. వైశాలి ఆ కాగితం పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళి, చీఫ్‌ని వెంటబెట్టుకు వచ్చింది.

“గ్రేట్ వర్క్, డార్లింగ్. జస్ట్ సైన్ ఇట్,” అంది వైశాలి.

కాగితం మీద గుమ్మం నిండా చెప్పులు. హాలు నిండా జనం. మధ్యలో అచ్చం జోజయ్య అంకుల్‌లాంటి బట్టతల మనిషి ఎవరికో డబ్బా అందిస్తున్నాడు.

“ఇది నా బొమ్మ కాదు,” అంది హెలెనా.

“యూ వర్ ఇన్ ట్రాన్స్. ఏం గీశావో నీకు గుర్తుండదు.”

“ట్రాన్స్‌లో ఉన్నాను గానీ అక్కా, ట్రాన్స్‌ఫర్ అయిపోలేదు కదా. నేను గీసింది ఖాళీ హాలు.”

ఏతాన్ వాచీ చూసుకున్నాడు. “టీమ్ ఆ ఇంటి బయటే ఉంది. వ్యూయర్ సంతకం లేకుండా తలుపు పగలగొట్టకూడదని రూలు. టైమ్ లేదు, సైన్ చెయ్యి. నీ స్టూడెంట్ వీసా ఫైలు నా బల్ల మీదే ఉంది.”

పెడితే జోజయ్య అంకుల్‌కి బేడీలు, దేశద్రోహి అనే ముద్ర. పెట్టకపోతే తనకి వన్‌వే టికెట్టు.

హెలెనా పెన్నుకి మూత పెట్టేసింది.

“పంపించెయ్యండి సర్. వీసా పోతే పోనివ్వండి. చూడనిది చూశానని మాత్రం రాయను. ఒక్కటి చెప్పండి, ఈ బొమ్మలో టైమెంత?”

“రెండు. అంటే ఇప్పుడే.”

“అదీ సంగతి. వాట్సాప్‌లో తిరిగిన ఇవాళ్టి ప్రార్థన ఆహ్వానం చూసి గీశావు కదూ, అక్కా?” హెలెనా నవ్వింది. “సర్, మావాళ్ళు ప్రార్థన రెండింటికి అంటే నాలుగింటికి బయల్దేరతారు. రెండింటికి ఆ గుమ్మం ముందు చెప్పులుండటం చరిత్రలో లేదు. అంకులే ఇంకా కూల్‌డ్రింకులు కొంటూ ఉంటారు.”

“నాన్సెన్స్.” వైశాలి మైకు లాక్కుంది. “టీమ్, ఆన్ మై కౌంట్. త్రీ, టూ...”

ఏతాన్ చెయ్యి మైకు మీద పడింది. “హోల్డ్. గుమ్మం దగ్గర ఎన్ని జతల చెప్పులు?”

స్పీకరు గరగరలాడింది.

“ఒకటే, బాస్. ఆడవాళ్ళ హవాయి చెప్పులు. లోపల ఒకావిడే ఉంది. మమ్మల్ని చూసేసింది.”

“ఏమంటోంది?”

“ఇంత ఎర్లీగా వచ్చారేంటని అడుగుతోంది, బాస్. వడల్లాంటివి ఇస్తోంది. తినొచ్చా?”

వైశాలి షట్టర్ వైపు పరుగెత్తింది. హెలెనా పక్కనున్న లారీ టైరుని ఒక్క తోపు తోసింది. టైరు దొర్లింది, దాంతోపాటు వైశాలీ దొర్లింది. పౌడర్ డబ్బా పగిలి మెమరీ కార్డు బయటపడింది. అందులో సోనార్ డ్రాయింగులు. రెయిడ్ అయ్యాక సోదా పేరుతో వెళ్ళి జోజయ్య ఇంట్లో పడేసి, దొంగతనం ఆయనకి అంటగట్టడానికి దాచుకున్న సాక్ష్యం.

“రెండు దేశాల జీతం తీసుకున్నావు,” అంది హెలెనా. “ఒక్క తెలుగు ఫంక్షన్‌కీ వెళ్ళలేదా, అక్కా?”

బేడీలు పడుతుంటే వైశాలి పళ్ళు నూరింది. “మై మమ్ వాజ్ ఆల్వేస్ ఆన్ టైమ్.”

ఏతాన్ అప్పటికప్పుడు రిపోర్టు రాయించాడు. ‘అతీంద్రియ దృష్టితో శత్రువు కుట్ర భగ్నం. విభాగానికి నిధులు పెంచాలి.’ గర్వంగా హెలెనా ముందుకి జరిపాడు.

“ఆ హాలు నాకు కనిపించిందో, గుర్తొచ్చిందో నాకే తెలీదు సర్,” అంది హెలెనా.

దాని మీద కూడా సంతకం పెట్టలేదు.