పెద్ద కార్డు చెప్పిన నిజం

"ఊపిరి బిగపట్టు దానమ్మా," అంది యామిని.

పలకల ఫ్యాక్టరీ గేటు ముందున్న స్కానర్‌లో నిలబడి దానమ్మ ఊపిరి బిగపట్టింది. దానికి కలిపిన లాప్‌టాప్ తెర మీద ఆమె ఊపిరితిత్తులు మసకగా కదిలాయి. పచ్చలైటు వెలిగింది. గేటు తెరుచుకుంది.

"చూశారా మేడమ్? రాత్రంతా దగ్గు, పొద్దున్నే పచ్చలైటు. ఈ మిషను నా మొగుడికన్నా అబద్ధాలకోరు."

వరసలోని ఆడవాళ్లు నవ్వారు. నవ్విన వాళ్లంతా దగ్గారు.

ఊపిరితిత్తుల్లో రాతిధూళిని పట్టుకునే ఈ ప్రోగ్రామ్‌ను రాసిన శాస్త్రవేత్త యామినే. ల్యాబ్‌లో తప్పు చేయనిది ఇక్కడెందుకు చేస్తోందో చూడ్డానికి వచ్చింది.

కారణం దొరికింది. లాప్‌టాప్‌లో బొమ్మల పని చేసేవి రెండు. ప్రాసెసర్‌లోనే ఇమిడిన చిన్న చిప్‌ కరెంటు తక్కువ తాగుతుంది, దాని శక్తీ తక్కువే. విడిగా అమర్చిన పెద్ద గ్రాఫిక్స్ కార్డు రెండోది. స్కాన్‌ను సిస్టమ్ చిన్నదానికి అప్పగించింది. అది బొమ్మను తన శక్తికి సరిపడా కుదించి, ధూళి చుక్కల్ని చెరిపేసి, ఆరోగ్యం భేష్ అంటోంది. మరి పెద్ద కార్డు? గేటుపై తెరలో చేతులు జోడించి నవ్వే యజమాని త్రీడీ బొమ్మను ఆడిస్తోంది. ఆయన మీసంలో ప్రతి వెంట్రుకా విడివిడిగా కదులుతోంది. చెమటోడ్చేవాడికి చిన్న చిప్, కూర్చుని తినేవాడికి పెద్ద కార్డు! దేశమంతా నడిచేది ఈ సెట్టింగ్ మీదే.

యామిని సెట్టింగ్స్ తెరిచింది. డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్. తన ప్రోగ్రామ్‌ను అక్కడ చేర్చి, పెద్ద కార్డుకు అప్పగించే 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకుంది. ప్రోగ్రామ్‌ను మూసి, మళ్లీ తెరిచింది.

"ఇప్పుడు మళ్లీ రా దానమ్మా."

ఈసారి తెర నిండా తెల్లటి చుక్కలు, పలక మీద సుద్దపొడి విదిలించినట్టు. ఎర్రలైటు.

"ఇదీ నిజం! ఇక యాజమాన్యం వైద్యం చేయించాలి, పరిహారం ఇవ్వాలి!" అంది యామిని.

గేటు మూసుకుంది. మేస్త్రీ కోటయ్య ఆవులించాడు. "ఎర్రలైటొస్తే పని లేదమ్మా, రూలు. పరిహారమంటారా, కాంట్రాక్టర్ని అడగండి."

"ఎక్కడున్నాడు?"

"మారిపోయాడు. ఇప్పుడున్నది కొత్తాయన."

వెనక నిలబడ్డవాళ్లకూ వరసగా ఎర్రలైటే. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

దానమ్మ యామిని దగ్గరికొచ్చింది. "మేడమ్, దగ్గుతో పోతాననుకున్నా. ఆకలితో అనుకోలా. మిషన్ని మళ్లా ముందున్నట్టే మార్చండి."

"అది అబద్ధం దానమ్మా!"

"ఆ అబద్ధమే కదమ్మా కూడు పెడతా ఉంది. మీ నిజం పెడతదా?"

సైన్స్ ప్రజల కోసమేనని ల్యాబ్ గోడ మీద ఎర్రరంగుతో రాసింది యామినే. సెట్టింగ్స్. డిస్‌ప్లే. గ్రాఫిక్స్. 'పవర్ సేవింగ్' ఎంచుకుని, ప్రోగ్రామ్‌ను మళ్లీ తెరిచింది.

పచ్చలైటు వెలిగింది. దానమ్మ దగ్గుకుంటూ లోపలికి వెళ్లింది. పైన తెరలో, పెద్ద కార్డు మొత్తం తనకే దక్కిన యజమాని, ఇంకా నిండుగా నవ్వాడు.