జవాబుల కాగితం

శివజ్యోతి మామ మహానందిగారికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా అచ్చయిన కాగితాన్ని నమ్మే జబ్బు. ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేసిన మనిషి. పదేళ్లుగా ఇంట్లో ఉన్న కోడలి మాట కన్నా, కింద సంతకమున్న కాగితానికే ఆయన దగ్గర విలువెక్కువ.

ఆ పొద్దున శివజ్యోతి ఉల్లిగడ్డ తరగబోతే చాకు లేదు. మొన్న నొప్పి మాత్రలు చేతికందని అటకెక్కాయి. నిన్న బాత్రూం లోపలి గడియ ఊడింది. అడిగితే, "తుప్పు పట్టిండాది," అంది అత్త సుబ్బరత్నమ్మ, మొహం చూడకుండా.

చక్రాల కుర్చీ నడవలోకి తిప్పేసరికి కూతురు శిల్ప బ్యాగు పట్టుకుని ఉంది. దగ్గరికి రాలేదు.

"డోన్‌లో అత్తోళ్లింట్లో చదువుకోవాలంట. నీ దగ్గర ఒక్కదాన్నే ఉండొద్దన్నాడు తాత."

శివజ్యోతి భర్త వైపు చూసింది. హనుమేష్ టీ గ్లాసులోకి చూస్తున్నాడు. మహానందిగారు కవరొకటి బల్ల మీద పెట్టారు. కర్నూలులో ఉద్యోగం కోసం ఆమె రాసిన మనస్తత్వ పరీక్ష ఫలితం అది. ఒంటి గురించి అతి ఆలోచన. దిగులు. ఒంటరితనం. కనిపెట్టుకుని ఉండాలి.

"నీ మేలుకేనమ్మా. పది గంటల బస్సుకు పాప పోతాది."

"కాగితం వెనక నా జవాబులుండాయి. చదవండి మామా."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఒంట్లో కొన్నిచోట్ల స్పర్శ తెలియదు. ఔను."

"మిద్దె మీద నుంచి పడినప్పటి నుంచి నడుము కింద తెలుస్తాదా నాకు?"

"నలుగురు చేరేచోటికి పోవడం తగ్గింది. ఔను."

"కల్యాణ మండపానికి పద్నాలుగు మెట్లు. ఎత్తుకుపోతే బాగుండదని వద్దనింది మీరే."

"రోజూ ఒంటి గురించే ఆలోచిస్తాను..." గొంతు తగ్గింది.

"నాలుగు గంటలకోసారి మూత్రం గొట్టం పెట్టుకోవాల. మరిస్తే జ్వరం. ఆలోచించొద్దా?"

ఆయన వేలు తర్వాతి వరుస మీద ఆగింది. "నా వెనక ఏదో జరుగుతోందనిపిస్తుంది. కాదు."

"పరీక్ష రాసిన పొద్దు కాదు. ఈ వారం అడిగింటే ఔననేదాన్ని."

"తొందరపడినానమ్మా," అని గొణిగారు మహానందిగారు.

"నాతో కాదు మామా, పాపతో చెప్పండి. అది భయపడతాండేది నన్ను చూసి."

ఆయన మెల్లగా మనవరాలి వైపు తిరిగారు.

"శిల్పా, మీయమ్మకేం కాలేదు. నేను తెలీక మీయమ్మను పిచ్చిదాన్ని చేసినా. తప్పు నాది."