వేలుముద్ర పడని కాగితం

దగ్గరికి రండిరా. వాణీ, ఆ గోనెపట్టా ఇటు లాగు. గణేషూ, గోడకానుకోకు, చొక్కాకు సున్నం అంటుకుంటుంది.

"దెయ్యం ఎప్పుడొస్తుంది సార్?"

వస్తుందిలే. ముందు నేను చేసిన పని విను.

మన పాళెంలో ఎవరు వేలుముద్ర వెయ్యాలన్నా ముందు నేను ఆ కాగితం చదివి చెప్పాల్సిందే గదా. వలల దగ్గర జారిపడి అంకాలమ్మవ్వ తొడ ఎముక విరిగినప్పుడు కూడా, ఆమె కొడుకు చిన్నబాబు నన్నే ఆటో ఎక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయినాడు.

పట్టపగలే. అయినా ముసురుకు వార్డంతా చీకటి. తడిసిన దుప్పట్ల వాసన, దాని మీద స్పిరిట్ వాసన. మంచం కాస్త కదిలితే చాలు, అవ్వ అరుపు.

డాక్టరమ్మ సుభాషిణి నెమ్మదిగా చెప్పింది. "ఈమెకు ఆయాసం. మత్తుమందు ఎక్కువ ఇవ్వలేను. తొడ మొదట్లో నరం చుట్టూ సూదిమందు వేస్తే అరగంటలో ఆ కాలి నొప్పి తగ్గుతుంది. తిమ్మిరి రేపటికి పోతుంది. అప్పుడు ఎక్స్‌రేకి కదిలించొచ్చు."

ఆ సూదికి ఒప్పుకుంటూ వేలుముద్ర వెయ్యాల్సిన కాగితం నా చేతికొచ్చింది. అంతా ఇంగ్లీషు, వైద్యం మాటలు. సగం అర్థం కాలేదు. తెలియదనడానికి నోరు రాలేదు. చిన్నబాబు నా మొహంలోకే చూస్తున్నాడు.

"కాలు చచ్చుపడుతుందని రాసుంది," అన్నాను.

"అట్లా రాయలేదండీ. మళ్ళీ చదవండి," అంది డాక్టరమ్మ.

"చదివినాను."

"అయ్యోరు చెప్పినాక ఇంకేముంది. సూది వద్దులే డాక్టరమ్మా," అన్నాడు చిన్నబాబు.

అవ్వ గొంతు మాత్రం సన్నగా వినిపించింది. "అయ్యోరా... ఆ సూదేదో వెయ్యమను నాయనా..."

నేను కిటికీ వైపు తిరిగినాను.

వేలుముద్ర పడలేదు. సూది లేకుండా అట్లాగే కదిలించినారు. సాయంత్రానికి అరుపు ఆగింది. గుండె తట్టుకోలేదన్నారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కర్మ రోజున చిన్నబాబు మొదటి విస్తరి నాకే వేసినాడు.

మర్నాడు తరగతిలో ఎక్కాలు రాయిస్తున్నాను. ఎడమ కాలు ఉన్నట్టుండి మొద్దుబారింది. పక్క గదిలోకి పోయి చూసుకున్నాను.

తొడ మొదట్లో దూది పట్టీ. అప్పుడే అంటించినట్టు, తడిగా... స్పిరిట్ వాసన.

పీకేసినాను. కింద సూది గుచ్చిన చుక్క.

తెల్లారి ఇంకో పట్టీ. ఆ మర్నాడు ఇంకోటి. కాలికి గుండుసూది గుచ్చుకున్నాను. నొప్పి లేదు. అవ్వ అడిగిన హాయి. నాకిచ్చి పోతావుంది, రోజూ.

ఇప్పుడూ కాలు తెలియడం లేదు... మీరు కూర్చున్నప్పటి నుంచీ.

వాణీ, నా పంచె చూడు. తొడ దగ్గర గుంటలు పడుతున్నాయా... అయిదు... వేళ్లతో నొక్కినట్టు?

మాట్లాడొద్దు. తల ఊపు చాలు.

సరే. మెల్లగా లేవండి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోండి. ఇళ్లకు పోయి వేడి వేడిగా అన్నం తినండి. నేను తర్వాత లేస్తాను... వదిలితే.