పొగాయన ఇంట్లో పద్నాలుగు

ఆ ఉదయం పొయ్యి మీది పాలకంటే ముందు ఆయనే పొంగుతున్నాడు. హుక్కా కేఫుల నిబంధనలు ఏడాదిపాటు తాత్కాలికంగా నడిచాయి. వాటిని శాశ్వతం చేసే సమావేశం పదకొండు గంటలకు. పొగ తాగే చోట్లను తనిఖీ చేసే ఆరోగ్య అధికారి కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని ‘పొగాయన’ అంటారు. ఆయనకు తెలుసు, తెలియనట్టుంటాడు.

“నా కళ్లజోడేదీ?”

“నెత్తిమీద. ఊరందరికీ నిబంధనలు రాస్తారు, మీ నెత్తిమీదేముందో నేను చెప్పాలి,” అంది భార్య.

ఆయన కాగితాలు సర్దాడు, మళ్లీ తీశాడు. ప్రతిసారీ ఆరో నిబంధన దగ్గరే ఆగుతున్నాడు: ‘పొగాకు లేని హుక్కాకు ఈ నిషేధం వర్తించదు.’ కేఫుల సంఘం పట్టుబడితే తానే చేర్చిన వాక్యం అది.

సమావేశంలో చూపించడానికి తెచ్చిన యంత్రాన్ని పరీక్షించాలన్నాడు. ఫోనంత ఉంటుంది. ఊదితే, బొగ్గు పొగలోని విషవాయువు ఊపిరిలో ఎంతుందో చెబుతుంది. ఆరు దాటకూడదట. ఆయన ఊదితే రెండు. ఆవిడ ఊదితే రెండు.

“రెండేనా? మీతో పాతికేళ్లు వేగాక కనీసం పది ఉండొద్దూ?”

అమ్మాయి చెప్పులు వెతుక్కుంటూ వచ్చింది. “నాకు టైమ్ లేదు నాన్నా.”

“ఒక్క ఊపిరే కదమ్మా!”

ఊదింది. పద్నాలుగు.

ఆయన యంత్రాన్ని తట్టాడు. గొట్టం మార్చాడు. ఆవిడ పొయ్యి కట్టేసి కిటికీలన్నీ తెరిచింది. మళ్లీ ఊదించారు. మళ్లీ పద్నాలుగే. అమ్మాయి మాత్రం చెప్పుల వంకే చూస్తోంది.

ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. అమ్మాయి బట్టల్లో కొన్నాళ్లుగా ఆపిల్ వాసన. కొత్త షాంపూ అనుకుంది. కుట్టు డబ్బాలోంచి నాలుగు రంగురంగుల ప్లాస్టిక్ గొట్టాలు తెచ్చి బల్లమీద పోసింది.

“ఇవి దీని ప్యాంటు జేబుల్లో దొరికాయండీ. పెన్ను మూతలేమో అనుకుని, లంగాల్లో నాడా ఎక్కించడానికి వాడుకుంటున్నాను.”

ఆయన ఒకటి పట్టుకుని కూలబడ్డాడు. “హుక్కా పీల్చే కొసలే ఇవి! ఎన్నాళ్లనుంచే?”

“ఆర్నెల్లు. వారానికి మూడుసార్లు. నిన్న రాత్రి కూడా. మా ఆఫీసు వాళ్లంతా వెళ్తాం,” అంది అమ్మాయి, తర్వాత గొంతు పెంచి, “అందులో పొగాకు లేదు నాన్నా, ఉత్త ఆపిల్ పాకమే! కేఫు గోడమీద బోర్డు ఉంది, కింద మీ సంతకం ఉంది. మా ఆఫీసు వాళ్లు భయపడితే నేనే చెప్పాను, మా నాన్న ఒప్పుకున్నదే, ఏం కాదని!”

“పొగాకు లేకపోతేనేం, పైన మండేది బొగ్గేగా...” అంటూనే ఆయన ఆగిపోయాడు.

“అంటే మీకు ముందే తెలుసా?” అంది భార్య. ఈసారి వెటకారం లేదు.

“తెలుసు. సంఘంవాళ్లు రోజూ పీకమీద కూర్చునేవారు. రిటైరయ్యేముందు గొడవెందుకులే అనుకున్నాను.”

అమ్మాయి కుర్చీలో కూర్చుంది. “పొద్దున్నే తలనొప్పి, మెట్లెక్కితే ఆయాసం. నిద్ర చాలట్లేదనుకున్నా నాన్నా,” అని వెక్కింది.

ఆయన ఆమె తలమీద చెయ్యి వేశాడు. పెన్ను తీసి ఆరో నిబంధన మీద అడ్డంగా గీత గీశాడు. గీత వంకరపోయింది. ఇంకోటి గీశాడు.

“సంఘంవాళ్లు ఊరుకోరు. రుజువేదంటారు.”

“నేనొస్తాను. అందరిముందూ ఊదుతాను,” అంది అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ.

“పొగాయన కూతురే తాగిందంటారే!”

“తాగిందిగా,” అంది భార్య, గొట్టాలు సంచీలో వేస్తూ. “ఇవీ చూపించండి. ఐదోదొకటుంది, అది ఇప్పుడు నా లంగాలో ఇరుక్కుని ఉంది.”

ముగ్గురికీ ఏడుపులోంచి నవ్వొచ్చింది.

తండ్రీకూతుళ్లు బయల్దేరాక ఆవిడ బాల్కనీలో నిలబడి చూసింది. ఎవరితో నడిచినా పదడుగులు ముందుండే మనిషి ఆయన. వీధి చివరి ఎత్తు దగ్గర అమ్మాయి గుండెమీద చెయ్యేసుకుని ఆగింది. ఆయన వాచీ చూసుకున్నాడు. వెనక్కి నడిచి వచ్చి, ఆమె చేతిలోని సంచీ అందుకుని, ఊపిరి అందేదాకా పక్కనే నిలబడ్డాడు.