ఇరవై ఏడో నంబరుకి రెండు తలుపులు

“ఇంట్లో ఎన్ని కుటుంబాలండీ?”

“ఒకటి,” అన్నాడు ఆమె తండ్రి ఈ తలుపులోంచి.

“ఒకటే,” అన్నాడు బాబాయి ఆ తలుపులోంచి.

పోస్టాఫీసు నుంచి చిరునామాల సర్వేకి వచ్చిన గుమాస్తా చేతిలోని ట్యాబ్ చూశాడు, మధ్యలోని గోడ చూశాడు. గోడ వసారాను రెండుగా కోస్తూ వీధి దాకా వచ్చింది. రెండు తలుపులకీ ఒకటే నంబరు. అన్నదమ్ములు మాట్లాడుకుని ఆరేళ్లయింది.

“అంటే మొత్తం రెండన్నమాట.”

“అవతలివాళ్ల సంగతి నాకు తెలీదు,” అన్నాడు తండ్రి.

తండ్రి వెనక నిలబడ్డ ఆమె తల పట్టుకుంది. ల్యాబ్ టెక్నీషియన్‌గా పెద్దాసుపత్రికి ఎంపికైంది. నియామకపత్రం పోయిన నెలలో వచ్చింది, కానీ బాబాయి తలుపుకి. “ఆ పేరుగలవాళ్లు ఈ ఇంట్లో లేరు,” అంది పిన్ని. అబద్ధం కాదు. ఉత్తరం వెనక్కి వెళ్లింది.

పాత పోస్ట్‌మ్యాన్‌కి ఏ పేరు ఏ తలుపుదో తెలుసు. ఆయన రిటైరయ్యాడు. ఇప్పుడు మెషిన్ నంబరు చదివి కట్టలు కడుతోంది. దాని లెక్కలో ఇరవై ఏడంటే ఒకే ఇల్లు, మొదటి తలుపు. నియామకపత్రం చేతికివ్వడం కుదరదనీ, అది ఇంటికి అందడమే చిరునామాకి రుజువనీ ఆసుపత్రిలో చెప్పారు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం మళ్లీ పంపుతారు. అదీ తిరిగొస్తే ఉద్యోగం జాబితాలో తరవాతి పేరుకి వెళుతుంది.

“చిన్న పనేనండీ,” అన్నాడు గుమాస్తా. “ఇరవై ఏడు ఏ, ఇరవై ఏడు బి అని విడగొడతాను. మెషిన్ రెండిళ్లుగా చూస్తుంది. ఇద్దరూ సంతకం పెడితే చాలు.”

“బి ఎవరు?”

ఆరేళ్లలో అన్నదమ్ములు కలిసి అన్న మొదటి మాట అది.

“పెద్దవాణ్ణి నేను. నాకు బి ఏమిటి?”

“ముందు తలుపు నాది. ఉత్తరాలన్నీ నాకే వస్తున్నాయిగా!”

గుమాస్తా మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఐదోసారి వచ్చినప్పుడు ఆమె గేటు దగ్గరే ఆపింది.

“మీరు సర్వేకి వస్తున్నారా, కాపరానికి వస్తున్నారా?”

“రెండుసార్లకి మించి రాకూడదని రూలుందండీ.”

“మరి?”

“సంతకాలు కాలేదు కదా.”

“సంతకాలు వాళ్లవి. మీరు చూసేది నన్ను.”

అతను గబగబా ట్యాబ్ వైపు తల దించాడు.

“అది ఆఫ్‌లో ఉంది,” అంది ఆమె. “నా ఉద్యోగం ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయింది. మీకేమో నవ్వులాట.”

“నవ్వడం లేదండీ. రాత్రుళ్లు మీ గోడే కళ్లలో మెదులుతోంది.”

“గోడేనా?”

అతను సైకిలెక్కాడు.

ఆరోసారి వచ్చేసరికి గురువారమైంది. అన్నదమ్ములు ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి, ఎవరి పాట వాళ్లు పాడుతున్నారు. ఆమెకి విసుగు నెత్తికెక్కింది.

“ఒంటరిగా ఉండేవాళ్లు కుటుంబం కిందికొస్తారా?” అని అడిగింది.

“తలుపు వేరుగా ఉంటే వస్తారండీ.”

“అయితే ఈ ఇంట్లో మూడు కుటుంబాలు. రండి.”

పెరట్లో గోడ ఆగిపోయిన చోట నాయనమ్మ గది ఉంది. తన గది మీదుగా గోడ కడితే ఊరుకోనని ఆవిడ ఆనాడే చెప్పింది. భోజనం ఒక వారం ఇటు, ఒక వారం అటు. అందుకే ఆవిణ్ణి ఇద్దరూ లెక్కలో వెయ్యలేదు.

సంగతంతా విని నాయనమ్మ కొడుకులిద్దర్నీ పిలిపించింది.

“ఏ నాది. పెద్దాడా, నువ్వు బి. చిన్నాడా, నువ్వు సి. పెట్టండి సంతకాలు.”

“అది కాదమ్మా, ముందు తలుపు...”

“నిన్ను కనకముందు వాణ్ణి కన్నాన్రా. అదీ మార్పించమంటావా?”

ఇద్దరూ ట్యాబ్ మీద వేలితో సంతకాలు గీశారు. రెండూ వంకరే.

“కొత్త నంబర్లు మెషిన్‌కి ఎక్కాయో లేదో చూడ్డానికి ఒక్కో తలుపుకీ టెస్ట్ కవరు వస్తుందండీ,” అన్నాడు గుమాస్తా. “లోపల తెల్లకాగితమే. కంగారుపడకండి.”

శుక్రవారం ఆమె ఆసుపత్రికి వెళ్లి తన చిరునామాకి బి చేర్పించింది. శనివారం మూడు కవర్లూ మూడు తలుపులకి చేరాయి. నాయనమ్మకి తెల్లకాగితం. బాబాయికి తెల్లకాగితం. తండ్రి మాత్రం తన కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

“తెల్లకాగితం అన్నాడే!” అని అరిచాడు.

ఆ కేకకి బాబాయి గోడ చుట్టూ తిరిగి వచ్చేశాడు. ఆరేళ్లలో ఇటు రావడం అదే మొదలు.

“నీకు రాసి పంపి నాకు తెల్లది పంపుతాడా? సి అంటే అంత లోకువా? ఇలా తే అన్నయ్యా.”

లాక్కుని పైకి చదివాడు.

“‘అయ్యా, రూలు ప్రకారం మీ ఇంటికి రెండుసార్లే రావాలి. మిగతా నాలుగుసార్లు మీ అమ్మాయిని చూడ్డానికి వచ్చాను. ఆమెకి ఇంకా చెప్పలేదు. మీరు వద్దంటే నచ్చజెప్పుకుంటాను. ఆమె వద్దంటే మాత్రం మళ్లీ రాను.’”

“నిజమే రాశాడు,” అన్నాడు బాబాయి.

“రాయడానికి ఆఫీసు కవరే దొరికిందా?” అన్నాడు తండ్రి.

“నాకు చెప్పకుండా నాన్నకి రాస్తాడా?” అంది ఆమె. చెవులు ఎర్రబడ్డాయి.

“ఇంతకీ నువ్వేమంటావే?” అంది నాయనమ్మ.

“ముందు నా కాగితం రానివ్వండి. పని తెలిసినవాడో కాదో తేలనివ్వండి.”

మంగళవారం పదకొండు గంటలకి ఇరవై ఏడు బి తలుపు చప్పుడైంది. రిజిస్టర్డ్ పోస్టు. ఆమె సంతకం పెట్టి తీసుకుంది. చేరాల్సిన తేదీ ఒకటో తారీఖు.

మధ్యాహ్నం పోస్టాఫీసుకి వెళ్లింది. అతను ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

“అందిందా అండీ?”

“రెండూ అందాయి.”

“రెండో దానికి...”

“పోస్టులో వచ్చినదానికి పోస్టులోనే జవాబు. మీ అడ్రస్ రాయండి.”

అతను రాశాడు. కొట్టేశాడు. మళ్లీ రాసి ఆమె ముందుకు తోశాడు. ఆమె చదివింది.

“ఇంటి నంబరేది?”

కలిపాడు.

“పిన్‌కోడ్?”

అతను పెన్ను పట్టుకుని గోడకేసి చూశాడు. పక్క టేబులు గుమాస్తా ఉండబట్టలేక అందించబోతే, ఆమె చెయ్యెత్తి ఆపింది.

“వద్దులెండి. ఇది పట్టుకుని పోస్టు చేస్తే తిరిగి మా నాన్నకే వస్తుంది. నోటితోనే చెబుతాను,” అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.