వియ్యాలవారి విహారయాత్ర

సెలవుల్లో రెండు కుటుంబాలూ కలిసి థీమ్ పార్కు రిసార్టుకు వెళ్దామని ముందుగా అన్నది ఎవరో ఇప్పటికీ తేలలేదు. అడిగితే ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల వంక చూస్తారు. తేలింది మాత్రం ఒక్కటే, ఆ ఏర్పాట్లన్నీ పళ్ల డాక్టరు నెత్తిన పడ్డాయి. పెళ్లి లేదు, పిల్లల్లేరు, నువ్వు ఖాళీయే కదా అన్నారు ఇంట్లో. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం నోళ్లలోకి తొంగిచూసే మనిషికి ఖాళీ ఎక్కణ్నుంచి వస్తుందో ఎవరూ చెప్పలేదు.

అవతలి కుటుంబం తరఫున లిఫ్టును పెట్టారు. లిఫ్టు అంటే పళ్ల డాక్టరమ్మ వదినకు, అంటే అన్నయ్య భార్యకు, స్వయానా తమ్ముడు, లిఫ్టులు బిగించి బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. అన్నయ్య పెళ్లినాడు హాల్లో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే, ఈయనగారు కొత్త బట్టలతోనే పైకెక్కి దాన్ని కదిలించాడు. లోపల ఇరుక్కున్నది పళ్ల డాక్టరే. తలుపు సందులోంచి భయపడకండి అని ధైర్యం చెప్పబోతే, భయం కాదు, ఆకలేస్తోంది, తొందరగా కానివ్వమంది. మసి చేతులతో బయటికి లాగినవాడికి థాంక్స్ చెప్పడం మానేసి ఆ పేరు పెట్టింది. పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు కన్నతల్లి కూడా మా లిఫ్టు అనే అంటుంది.

సరే, మనుషులు మంచివాళ్లే. రెండిళ్లవాళ్లూ బంగారం లాంటివాళ్లు. చిక్కంతా వాళ్ల మొహమాటంతో వచ్చింది. వియ్యంకులు కదా, ఒకరి మాట ఒకరు కాదనరు. ఆదివారం అందరూ వీడియో కాల్‌లోకి వస్తారు. మీ ఇష్టమే మా ఇష్టం బావగారూ అంటాడు పళ్ల డాక్టరు తండ్రి. ఎంతమాట, మీరెలా అంటే అలాగే అంటాడు లిఫ్టు తండ్రి. ఆయన స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి, జీవితమంతా టైముకు బతికాడు, అయినా ఎప్పుడు బయల్దేరదాం అని అడిగితే మీకు వీలైనప్పుడే అంటాడు. అందరూ నవ్వుకుంటూ ఫోన్లు పెట్టేస్తారు.

అసలు కథ ఆ తర్వాత మొదలయ్యేది. పళ్ల డాక్టరు తండ్రి మెల్లిగా కూతురి గదిలోకి వచ్చి, ఆ నీళ్ల పార్కు తనకు పడదనీ, చెవుల్లోకి నీళ్లు పోతాయనీ, ఈ మాట తను అన్నట్టు మాత్రం ఎక్కడా రాకూడదనీ చెప్పేవాడు. అక్కడ స్టేషన్ మాస్టరు కొడుకును బాల్కనీలోకి తీసుకెళ్లి, అయిదు రోజులు మరీ ఎక్కువ, మూడు చాలు, నేనన్నానని చెప్పకు అనేవాడు. పళ్ల డాక్టరు తల్లికి ఊయలెక్కినా కళ్లు తిరుగుతాయి. అయినా వియ్యపురాలు ఒక్కతే అయిపోతుందని అన్ని రైడ్లూ ఎక్కే పాసుకు సరేనంది. ఆ వియ్యపురాలికీ కళ్లు తిరుగుతాయి. ఆవిడ కూడా అందుకే సరేనంది.

ఈ రహస్యాలన్నీ చేరవేసుకోవడానికి వీళ్లిద్దరికీ రోజూ ఫోన్లు తప్పలేదు. పెద్దల ముందు మీరు, ఫోన్లో నువ్వు. అతను ఏ బిల్డింగులోనో లిఫ్టు నెత్తిమీద నిలబడి మాట్లాడుతుంటే సిగ్నల్ పోయేది. ఆమె పేషెంటు నోట్లో దూది కుక్కి, ఇప్పుడే వస్తానండీ అని పక్కగదిలోకి పరిగెత్తేది.

"మా నాన్నకు పార్కు లోపలి హోటలే కావాలట" అన్నాడొకసారి లిఫ్టు.

"నిన్న బయటి హోటలే ముద్దు అన్నారుగా?"

"నిన్న ఎదురుగా మీ నాన్నగారున్నారు."

"మీ నాన్నగారికి నిజంగా ఏం కావాలో ఒక్కసారి కనుక్కుని ఏడువు."

"ముందు మీ అమ్మగారు పార్కులో ఆ బొమ్మల ఊరేగింపు చూస్తారో చూడరో నువ్వు కనుక్కో. మూడుసార్లు మార్చారు."

అలా తిట్టుకుంటూ మార్చారు, మళ్లీ మార్చారు. రిసార్టులో ఫోనెత్తే అమ్మాయి ఆమె గొంతు గుర్తుపట్టి, హలో కూడా అనకుండా, ఈసారి ఏం మార్చమంటారు మేడమ్ అనే స్థితికి వచ్చింది.

ఈ రొష్టు మధ్యలోనే పళ్ల డాక్టరుకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఒకసారి లిఫ్టు ఫోను పది అంతస్తుల కిందికి జారిపడి ముక్కలైతే, కొత్తది కొనేదాకా అతని దగ్గర్నుంచి కాల్ రాలేదు. ఆ రెండు రోజులూ ఆమెకు ఏ పనీ చేతికి రాలేదు. పన్ను పీకించుకోవడానికి వచ్చిన పెద్దాయన, నామీద ఏమైనా కోపమా తల్లీ అని అడిగాడు. ఇంటికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాక, ఇక తనను తాను మభ్యపెట్టుకోలేకపోయింది. ఆ లిఫ్టంటే ఆమెకు ఇష్టం. మామూలు ఇష్టం కాదు, పీకల్దాకా ఇష్టం. ఇంటినిండా నీ ఇష్టం, నీ ఇష్టం అనేవాళ్లే, మొహం మీదే నాకిది నచ్చలేదు అని చెప్పే మనిషి అతనొక్కడే.

చెప్పేస్తే పోయేదేమో. కానీ ఎలా చెబుతుంది? పెద్దలకు చెబితే వాళ్లు వెళ్లి అడుగుతారు. అవతలివాళ్లకు ఇష్టం ఉన్నా లేకపోయినా మహద్భాగ్యం అంటారు, వాళ్ల సంగతి తెలిసిందే కదా. కొడుకును బతిమాలి, బుజ్జగించి ఒప్పిస్తారు. అతను కూడా అక్క కాపురం ఆ ఇంట్లోనే ఉందని నోరు మూసుకుని తాళి కడితే? కాదనలేక ఒప్పుకున్న మొగుడు ఆమెకు అక్కర్లేదు. అతను నిజంగా కావాలనుకుంటున్నాడా లేదా, అది తెలిసే దారి మాత్రం కనబడలేదు.

అన్నీ కుదిరాయి, ఆదివారం లిఫ్టు వాళ్లు భోజనానికొస్తే అందరి ముందూ డబ్బు కట్టేసి బుకింగ్ పూర్తి చేద్దాం అనుకున్నాక, క్లినిక్‌కు ఫోనొచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఇంకొక్క రూము కావాలి."

ఆమె తల పట్టుకుంది. ఎవరికని అడిగింది. అమ్మ స్నేహితురాలి కుటుంబానికట. వాళ్లకొక అమ్మాయి ఉందట. అక్కడైతే నలుగురిలో ఇబ్బంది లేకుండా చూసుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు అని అమ్మ అంటోందట. చెబుతూ చెబుతూ ఆగాడు. పక్కగదిలో కంప్రెసర్ రొద చేస్తోంది. పళ్ల డాక్టరు స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెరువు వైపు రూమా, పార్కు వైపా?" అంది.

"నువ్వేమంటావు?"

"నేననేదేముంది? మీ ఇష్టమే మా ఇష్టం."

సిగ్నల్ పోయిందేమో అనుకుంది. పోలేదు.

"నువ్వు కూడానా" అని పెట్టేశాడు.

ఆదివారం వచ్చింది. హాల్లో ఉన్న కుర్చీలు చాలక మంచాల మీద కూడా కూర్చున్నారు. మధ్యలో బల్ల మీద ల్యాప్‌టాప్. ఎంత ప్రయత్నించినా ఆమె లిఫ్టు వైపు చూడలేకపోయింది. అతను గోడకున్న క్యాలెండరును పరీక్షకు చదువుతున్నవాడిలా చూస్తున్నాడు. అయిదు రోజులు, ఆరు రూములు, అందరికీ అన్ని రైడ్ల పాసులు, బటన్ నొక్కమంటారా అని అడిగింది. మీ ఇష్టం అన్నాడు తండ్రి వియ్యంకుడితో. మీ ఇష్టం అన్నాడు వియ్యంకుడు. వదినగారూ మీరేమంటారు అంది తల్లి. నాదేముంది, మీరెలా అంటే అలాగే అంది వియ్యపురాలు.

పళ్ల డాక్టరు ల్యాప్‌టాప్ మూసేసింది.

"ఎవరికి నిజంగా ఏం కావాలో చెబితేనే తెరుస్తాను. రెండు నెలల్నుంచి మీ దొంగ మర్యాదలు మొయ్యలేక ఛస్తున్నాం మేమిద్దరం. ఇవాళ ఒక్కరైనా మీ ఇష్టం అన్నారంటే నేను ఇల్లొదిలి పోతాను."

ముందుగా నోరు విప్పింది అన్నయ్య కూతురు. తనకు ఈతకొలను చాలనీ, అత్తా మామా రూములో పడుకుంటాననీ చెప్పింది. వాళ్లిద్దరికీ వేరు వేరు రూములని తల్లి సర్దిచెప్పబోతే, అందరి అత్తామామలూ ఒకే రూములో ఉంటారుగా, వీళ్లకేం రోగం అని అడిగింది. నలుగురూ ఒకేసారి దగ్గారు. ఆ దగ్గుల మధ్యలో పళ్ల డాక్టరు బామ్మ, తనకు ఆ తలకిందులుగా తిప్పే బండి ఎక్కాలనుందని ప్రకటించింది. ఈ వయసులోనా అంటే, ఇంకే వయసులో ఎక్కుతానంది. వాళ్లు ఎక్కనివ్వకపోతే వాళ్లతోనే తేల్చుకుంటానంది.

బామ్మ గేటు ఎత్తేసింది. నీళ్లు పడవని ఒకాయన, మూడు రోజులు చాలని ఇంకొకాయన బయటపడ్డారు. తల్లులిద్దరూ కళ్లు తిరిగే సంగతి చెప్పుకుని, మీకూనా అంటే మీకూనా అని ఒకరి చేతులొకరు పట్టుకుని నవ్వారు. రెండు నెలలు చావగొట్టిన వ్యవహారం చిటికెలో తేలిపోయింది. ఆమెకు నవ్వాలో వీళ్లందరినీ ఉతకాలో తెలియలేదు.

అప్పుడు వదిన అడిగింది.

"అందరినీ నిలదీశావు. మరి నీకేం కావాలి?"

ఆమె నాకేం వద్దు అని చెబుదామనుకుంది. ఆ మాట నోటిదాకా వచ్చాక, తనమీద తనకే చిరాకేసింది.

"నాకు ఆ ఆరో రూము బుక్ చెయ్యాలని లేదు" అంది. తల్లి కంగారుగా ఏదో సర్దబోయింది. ఆమె ఆగలేదు. "అత్తయ్యగారూ, మీ లిఫ్టంటే నాకిష్టం. మీకు ఇష్టం లేకపోతే లేదనే చెప్పండి. ఏడుస్తాను, ఏడ్చి ఊరుకుంటాను. మర్యాదకు మాత్రం ఔననొద్దు, మీకు పుణ్యముంటుంది. నువ్వు కూడా, బావా. అందరూ ఉన్నారని తలూపొద్దు."

అందరి ముందూ నువ్వు అన్నానని, బావా అన్నానని ఆమెకు తర్వాత తెలిసింది. అతను క్యాలెండరును వదిలేసి ఇటు తిరిగాడు. మొహంలో సంతోషం కన్నా ముందు మంట కనబడింది.

"నీ దగ్గర నేనెప్పుడు మొహమాటపడ్డాను? ఆ రూము నాకెందుకు? నువ్వు ఛీ పొమ్మంటావనే కదా ఫోన్ చేసింది. నువ్వేమో చెరువు వైపా పార్కు వైపా అన్నావు. మూడు రోజుల్నుంచి అన్నం సయించలేదు నాకు."

లిఫ్టు తల్లి చీరచెంగు మొహానికి అడ్డుపెట్టుకుంది. అంతా అయిపోయిందనుకుంది పళ్ల డాక్టరు. కానీ ఆవిడ ఏడుస్తూనే వియ్యపురాలిమీద విరుచుకుపడింది. "మీ అమ్మాయిని చేసుకోవాలని మాకు లేదనుకున్నారా వదినగారూ? ఆ పెళ్లినాటి నుంచీ ఉంది. మేం అడిగితే, కోడలి పుట్టింటివాళ్లు నోరు తెరిచి అడిగారని మీరు కాదనలేరు. కాదనలేనివాళ్లని అడగడం అన్యాయం కాదూ? మీరే కదిలిస్తారని చూసి చూసి, విసిగిపోయి ఆ సంబంధం మాటెత్తాను. వాళ్లకింకా కబురు కూడా చెయ్యలేదు."

పళ్ల డాక్టరు తల్లి లేచి నిలబడింది. తామూ అందుకే ఊరుకున్నామంది. మీ అమ్మాయి మా ఇంట్లో ఉంది, ఆ పిల్ల సుఖం కోసం ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటారేమోనని ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నామంది.

వదిన నుదురు కొట్టుకుంది. ఇద్దరు తల్లులూ విడివిడిగా ఈ మాట తనతోనే చెప్పారట. ఇద్దరూ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారట. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ రెండు ఒట్ల మధ్య తను నలిగిపోతోందట. అన్నయ్య ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుని, మళ్లీ ఎవరూ మనసు మార్చుకోకముందే మూడు రోజులు, అయిదు రూములు అని బటన్ నొక్కేశాడు.

పెద్దలు ముహూర్తాల గురించి గొంతులు పెంచుతుంటే పళ్ల డాక్టరు వంటింట్లోకి వెళ్లింది. లిఫ్టు వెనకే వచ్చాడు. సింకు నిండా ఎంగిలి కంచాలున్నాయి. ఆమె కుళాయి తిప్పి, అతనికి వీపు చూపిస్తూ నిలబడింది.

"నిజం చెప్పు. నలుగురిలో అడిగాననే కదా?"

అతను వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"నీ కోపం నాకు నచ్చదు. భోంచేస్తున్నప్పుడు మనుషుల పళ్లు చూస్తావు, అది అస్సలు నచ్చదు. ఫోన్లో నేను సగం చెప్పేలోపే మిగతా సగం నువ్వు చెప్పేస్తావు, అదీ అంతే. ఇంత చెప్పాక కూడా నాకు నువ్వే కావాలి."

కుళాయి అలాగే పారుతోంది. మర్యాదకు ఔననేవాడు ఇలా మాట్లాడడు. ఆ నమ్మకం కుదిరేసరికి ఆమెకు అన్నాళ్ల ఏడుపూ ఒక్కసారి తన్నుకొచ్చింది. తడిచేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"నీకు ఎడంవైపు కింది దవడలో ఒక పన్ను పుచ్చింది. నవ్వినప్పుడు కనబడుతోంది. ఎప్పట్నుంచో చెబుదామనుకుంటున్నా."

"మరి చెప్పలేదేం?"

"మొహమాటం."

అతను నవ్వబోయి, గబుక్కున అరచేత్తో నోరు మూసుకున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. దించాక వదల్లేదు.